హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: అడ్వాన్స్ ఇచ్చే రోజు నుంచి తాళంచెవి తిరిగి ఇచ్చే రోజు దాకా

పదమూడేళ్లపాటు ఈ నగరంలో అద్దె ఇళ్లలో ఉన్నాను. ఆరేళ్లుగా మా ఇంటి పై వాటాను అద్దెకు ఇస్తున్నాను. రెండు వైపులా నిలబడి చూశాక నాకు అర్థమైనది ఏమిటంటే, అద్దె తగాదాల్లో చాలా భాగం చెడ్డ మనుషుల వల్ల రావు. మొదటి రోజు మంచిగా ఉన్నప్పుడు నోటిమాటగా వదిలేసిన విషయాల వల్ల వస్తాయి. "మనలో మనకు కాగితాలెందుకండీ" అన్న మాట వినడానికి ఆప్యాయంగానే ఉంటుంది గానీ, రెండేళ్ల తర్వాత అడ్వాన్స్ దగ్గర మాట తేడా వచ్చినప్పుడు ఆ ఆప్యాయత ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు. అందువల్ల ఇల్లు వెతుక్కునేవారూ, ఇల్లు అద్దెకిచ్చేవారూ ఏ దశలో ఏం చేయాలో, దాని వెనుక ఉన్న చట్టం ఏమిటో వరుసగా రాస్తున్నాను. ఇది ప్రధానంగా తెలంగాణకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్ 2017లో తనకంటూ వేరే అద్దె చట్టం చేసుకుంది కాబట్టి అక్కడివారు ఆ చట్టాన్ని కూడా చూసుకోవాలి.

మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో ముందు తెలుసుకోండి

"రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా, మమ్మల్ని ఖాళీ చేయించలేరు" అని అద్దెకున్నవారు ధీమాగా అనడం, "ఆ చట్టం వల్ల ఇల్లు చేజారిపోతుంది" అని యజమానులు భయపడటం తరచుగా వింటుంటాం. ఆ ధీమా, ఈ భయం రెండూ చాలా ఇళ్ల విషయంలో నిజం కావు. 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం ఇప్పటికీ తెలంగాణలో ఉంది గానీ, కట్టి 15 ఏళ్లు దాటని భవనాలకు అది వర్తించదు. 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు మించిన ఇళ్లకూ వర్తించదు. నేటి హైదరాబాద్‌లో 3,500 రూపాయలకు ఒక గది దొరకడమే కష్టం కనుక, మీరు చేరబోయే ఇల్లు దాదాపు ఖాయంగా ఆ చట్టం బయటే ఉంటుంది. అప్పుడు మీకూ యజమానికీ మధ్య నడిచేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, ఆ పైన మీరిద్దరూ రాసుకున్న ఒప్పందం. ఈ చట్టం చాలా చోట్ల "వేరే విధంగా ఒప్పందం లేకపోతే" అనే షరతుతో మాట్లాడుతుంది. అంటే మీరు రాసుకున్నదే ముందు వస్తుంది, రాసుకోని చోట మాత్రమే చట్టం మాట నడుస్తుంది. ఒప్పందాన్ని ఒక్కొక్క వాక్యమూ చదివి సంతకం పెట్టమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి కూడా మీరు విని ఉంటారు. నివాసాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించరాదని, యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని అందులో ఉంది. అయితే అది పేరుకు తగ్గట్టు నమూనా మాత్రమే. ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. కాబట్టి "చట్టం ప్రకారం రెండు నెలలే తీసుకోవాలి" అని యజమానితో వాదించి లాభం లేదు. కానీ అందులోని మంచి నిబంధనలను మీ ఒప్పందంలో రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు, నేను అలాగే చేస్తాను.

అడ్వాన్స్ ఇవ్వకముందు

టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లిన రోజునే టోకెన్ పేరుతో అయిదువేలో పదివేలో ఫోన్‌లో పంపేయడం ఇప్పుడు మామూలైంది. మంచి ఇల్లు చేయి జారిపోతుందన్న తొందర అర్థం చేసుకోదగినదే అయినా, డబ్బు పంపే ముందు ఎదుటివారు ఆ ఇంటి యజమాని అవునో కాదో చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఇంటిపన్ను రసీదు, తాజా కరెంటు బిల్లు చూపించమని మర్యాదగా అడగండి. రెండింటి మీదా ఒకే పేరు ఉండి, ఆ పేరు మీతో మాట్లాడుతున్నవారిదే అయితే సగం అనుమానం తీరిపోతుంది. పేరు వేరుగా ఉంటే సంబంధం ఏమిటో అడగండి. తండ్రి పేరున ఉన్న ఇంటిని కొడుకు అద్దెకు ఇవ్వడం, అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న అన్నగారి ఫ్లాట్‌ను తమ్ముడు చూసుకోవడం మనకు కొత్త కాదు. అలాంటప్పుడు అసలు యజమాని నుంచి అధికారపత్రమైనా, కనీసం ఫలానా వ్యక్తికి అద్దెకిచ్చే, అద్దె వసూలు చేసే అధికారం ఇస్తున్నానని స్పష్టంగా రాసిన ఈమెయిల్ అయినా తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల వివరాల పత్రం) తీసి చూస్తే ఇల్లు ఎవరి పేరున ఉందో, రిజిస్టరైన తనఖా ఏదైనా ఉందో కూడా తెలుస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు గోడల రంగు కాదు, నీళ్లు చూడండి. మంజీరానో కృష్ణానో, జలమండలి నీళ్లు ఏ రోజు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, వేసవిలో బోరు ఎండితే ట్యాంకర్ ఖర్చు ఎవరు భరిస్తారు అనే మూడు ప్రశ్నలు యజమానిని మాత్రమే కాక కింది వాటాలో ఉన్నవారినో వాచ్‌మన్‌నో కూడా అడగండి. కరెంటుకు విడి మీటరు ఉందా, లేక సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని యజమాని వసూలు చేస్తారా అన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు వచ్చే సున్నా బిల్లు అర్హత గల అద్దెదారులకూ వర్తిస్తుంది. కానీ దానికి సర్వీస్ నంబరు మీ రేషన్ కార్డుతో ముడిపడాలి. ఒకే మీటరు మీద నాలుగు పోర్షన్లు ఉన్న ఇంట్లో అది కుదరదు. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి విడి మీటరు ఉన్న ఇల్లు కొంచెం ఎక్కువ అద్దెయినా మొత్తం మీద చవక పడవచ్చు.

ఇక మీరు చేరే తేదీ. ఆషాఢంలోనూ భాద్రపదంలోనూ పుష్యంలోనూ ఇల్లు మారడానికి మనవాళ్లు ఇష్టపడరు కాబట్టి, ఆ మాసాలకు ముందు ఇళ్లకు గిరాకీ పెరుగుతుంది. శూన్యమాసం వచ్చేలోపు పాలు పొంగించేసి, సామాను మాత్రం నెల తర్వాత దించుకుందామనుకునేవారు అద్దె ఏ రోజు నుంచి లెక్కకొస్తుందో ముందే తేల్చుకోవాలి. చాలామంది యజమానులు పాలు పొంగించిన రోజు నుంచే అద్దె లెక్కిస్తారు. వారి దృష్టిలో ఆ రోజు నుంచి ఇల్లు మీది.

ఒప్పందం రాసుకోవడం

"పదకొండు నెలల అగ్రిమెంట్" అన్న మాట మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, పన్నెండు నెలలకు రాస్తే నేరమేమో అనిపిస్తుంది. ఈ అలవాటు పుట్టడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలని ఆ చట్టం చెప్పడంతో, ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికి దేశమంతటా పదకొండు నెలల పద్ధతి పాకిపోయింది. మన దగ్గర మాత్రం ఆ లెక్క చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టంలోని 17వ సెక్షన్‌ను సవరించడంతో 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ స్థిరాస్తి లీజు పత్రం ఏ కాలానిదైనా, చివరికి పదకొండు నెలలదైనా, రిజిస్టర్ చేయాల్సిందే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ ముద్ర వేయించుకుంటే సరిపోతుందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. నోటరీ అనేది ఆ సంతకాలు ఫలానా వారివేనని చెప్పే ధ్రువీకరణ మాత్రమే, అది రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

రిజిస్టర్ కాని ఒప్పందం వల్ల నష్టమేమిటంటారా? అదే చట్టంలోని 49వ సెక్షన్ ప్రకారం అందులోని షరతులను కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. మీరు ఆ ఇంట్లో అద్దెదారుగా ఉన్నారన్న వాస్తవం వంటి అనుబంధ విషయాలకే ఆ కాగితం పనికొస్తుంది. అప్పుడు మీ అద్దె సంబంధాన్ని నెలవారీ అద్దెగా పరిగణిస్తారు, దాన్ని ఏ పక్షమైనా పదిహేను రోజుల రాతపూర్వక నోటీసుతో ముగించవచ్చు. దీని అర్థం ఇరువైపులా ఆలోచించండి. "పదకొండు నెలలు కదపరు కదా" అని పిల్లల బడి పక్కన ఇల్లు తీసుకున్న అద్దెదారు నాలుగో నెలలోనే నోటీసు అందుకోవచ్చు. "ఆర్నెల్లలోపు ఖాళీ చేస్తే రెండు నెలల అద్దె కట్టాలి" అని రాయించుకున్న యజమానికి ఆ షరతు కోర్టులో నిలబడటం కష్టం. ఏడాదికి మించి ఉండాలనుకునేవారు, పిల్లల చదువుల కోసం చోటు మారలేనివారు, ఇంటీరియర్‌ల మీద డబ్బు పెట్టబోయేవారు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించుకోవాలని నా గట్టి సలహా. స్టాంపు సుంకం మొత్తం అద్దె, కాలపరిమితి మీద ఆధారపడి ఉంటుంది. ఇద్దరూ సగం సగం పంచుకుంటే పెద్ద భారమేమీ కాదు. తక్కువ స్టాంపు మీద రాసిన పత్రాన్ని తర్వాత కోర్టులో దాఖలు చేస్తే లోటు సుంకంతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు కాబట్టి ఇక్కడ ఆదా చేయాలని చూడకండి.

ఇక యజమానులలో పాతుకుపోయిన ఒక భయం గురించి చెప్పాలి. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే అద్దెదారుకు ఇల్లు దఖలుపడిపోతుందన్నదే ఆ భయం. మీ అనుమతితో అద్దెకున్నవారి స్వాధీనం మీకు వ్యతిరేకమైన స్వాధీనం కాదు. పైగా తనను ఇంట్లోకి ప్రవేశపెట్టిన యజమాని హక్కును అద్దె కొనసాగుతున్నంత కాలం అద్దెదారు కాదనడానికి వీల్లేదని సాక్ష్య చట్టం చెబుతుంది. మంచి అద్దెదారును ఇరవై ఏళ్లు ఉంచుకున్నా ఇల్లు మీదే. కేవలం ఈ భయంతో మూడేళ్లకొకసారి మనుషుల్ని మార్చేసే యజమానులు నాకు తెలుసు. ప్రతిసారీ నెలో రెండు నెలలో ఇల్లు ఖాళీగా పడి ఉండటం, మళ్లీ రంగులు వేయించడం తప్ప వారికి కలిసొచ్చింది ఏమీ లేదు.

ఒప్పందంలో ఏముండాలో చెప్పే ముందు ఏం ఉండకూడదో ఒక్క మాట: జెరాక్స్ షాపులో దొరికే నమూనాను ఖాళీలు పూరించి సంతకం పెట్టకండి. అందులో దుకాణాలకు సంబంధించిన షరతులు, మీ ఇంట్లో లేని లిఫ్టు గురించిన షరతులు, ఒకదానికొకటి పొసగని నోటీసు గడువులు ఉంటాయి. మీ ఒప్పందం రెండు పేజీలున్నా చాలు, కానీ అది మీ ఇంటి గురించి ఉండాలి. ఇంట్లో ఏ భాగం, పార్కింగ్ స్థలం ఎక్కడ, టెర్రస్ మీద బట్టలు ఆరేసుకోవచ్చా లేదా. అద్దె ఎంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాకు. మెయింటెనెన్స్, నీళ్ల బిల్లు, కరెంటు ఎవరివి. అడ్వాన్స్ ఎంత, ఏయే కారణాలకు మాత్రమే అందులోంచి కోయవచ్చు, ఖాళీ చేసిన ఎన్ని రోజులకు తిరిగి ఇవ్వాలి. ఏడాది తర్వాత అద్దె ఎంత శాతం పెరుగుతుంది. ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఆ గడువు ఇద్దరికీ ఒకటేనా. ఇంటిపన్ను యజమానిదే అయినా ఆ మాట రాయడం మంచిది. మాంసాహారం వండకూడదు, ఊరి నుంచి బంధువులు వస్తే పది రోజులకు మించి ఉండకూడదు వంటి షరతులు ఉంటే వాటినీ దాచకుండా ముందే కాగితం మీద పెట్టండి. అవి న్యాయమైనవని నేను అనను, కానీ లారీలోంచి సామాను దించాక వినడం కంటే అడ్వాన్స్ ఇవ్వకముందు వినడం అద్దెదారుకు ఎంతో నయం.

అద్దెదారు తన ఇంటిని వేరొకరికి మళ్లీ అద్దెకివ్వవచ్చా అన్న విషయమూ తప్పక రాయాలి. ఒప్పందం మౌనంగా ఉంటే ఆస్తి బదిలీ చట్టం ఆ హక్కును అద్దెదారుకు ఇస్తుంది. ఈ సంగతి తెలియక, "ఇద్దరు బ్యాచిలర్స్‌కి ఇస్తే ఆరుగురయ్యారు" అని తర్వాత బాధపడే యజమానులు ఉన్నారు. ఎంతమంది ఉంటారో, వారి పేర్లేమిటో రాసుకుంటే ఆ గొడవ ఉండదు.

సామాను దించే రోజు

ఇంట్లోకి అడుగుపెట్టగానే, ఒక్క పెట్టె కూడా దించకముందు, ఫోన్ పట్టుకుని ఖాళీ ఇంటిని గది గదిగా వీడియో తీయండి. కరెంటు మీటరు అంకెలు, నీళ్ల మీటరు ఉంటే దాని అంకెలు, బాత్రూంలో పగిలిన టైలు, వంటగట్టు అంచు విరిగిన చోటు, కిటికీ దోమతెరలో చిరుగు, చెమ్మ దిగిన గోడ, పనిచేయని స్విచ్చులు అన్నీ దగ్గరగా తీయండి. ఆ రోజే యజమానికి వాట్సాప్‌లో పంపి, "ఈ రోజు ఇంట్లో చేరాను, చేరేటప్పటికి ఇంటి పరిస్థితి ఇది" అని ఒక వాక్యం రాయండి. యజమాని కూడా ఫ్యాన్లు, గీజర్లు, ట్యూబ్‌లైట్లు, తాళంచెవుల సంఖ్యను ఒక జాబితాగా రాసి ఇద్దరి సంతకాలతో ఒప్పందానికి జతచేయాలి.

నేనిది ఎంత గట్టిగా చెబుతున్నానంటే దానికి నా అనుభవమే కారణం. ఒక ఇంట్లో మేము చేరేటప్పటికే వంటింటి మూలన నేల మీద సిలిండర్ అడుగు తుప్పు మరక గుండ్రంగా, చక్రం గీసినట్టు ఉంది. నేను దాని మీదే మా సిలిండర్ పెట్టుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఖాళీ చేసేటప్పుడు ఆ మరక మా వల్లే వచ్చిందని, నాలుగు టైళ్లు మార్చాలని, ఆపైన రంగుల ఖర్చుకని ఒక నెల అద్దె కోసుకున్నారు. ఆ మరక మాకంటే ముందుదని నాకు తెలుసు, ఆ ఇంటివారికీ తెలుసనే అనుకుంటాను. నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇప్పుడు మా పై వాటాలో ఎవరు చేరినా సిలిండర్ కింద పెట్టే ప్లాస్టిక్ స్టాండు నేనే కొనిస్తాను.

యజమాని చేయాల్సిన మరో పని అద్దెదారు ఆధార్ ప్రతి, ఫొటో, పనిచేసే చోటి వివరాలు తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం. అద్దెదారులు దీన్ని అనుమానంగా భావించనక్కరలేదు. ఆధార్ ప్రతి మీద "ఫలానా చిరునామాలో అద్దె నిమిత్తం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇవ్వండి. విదేశీయులకు ఇల్లిచ్చేవారు, అద్దెదారు చేరిన 24 గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి.

అద్దె, రసీదు, పన్ను

అద్దె బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో కట్టండి, వివరాల్లో ఏ నెల అద్దెయో రాయండి. నగదు ఇస్తే రసీదు అడగడం అవమానించడం కాదు. మీరు జీతం మీద ఇంటి అద్దె మినహాయింపు కోరుకునేవారైతే, ఏడాది అద్దె లక్ష రూపాయలు మించినప్పుడు యజమాని పాన్ నంబరు కూడా ఇవ్వాలి కాబట్టి ఆ మాట అడ్వాన్స్ ఇచ్చే రోజే చెప్పండి. అద్దె నెలకు 50,000 రూపాయలు మించితే అద్దెదారే టీడీఎస్ (యజమానికి డబ్బు ఇచ్చే ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఈ రేటు 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది.

తెలుగువారి విషయంలో మరీ ముఖ్యమైనది, అయినా చాలామందికి తెలియనిది మరొకటుంది. మీ యజమాని పన్ను చట్టం దృష్టిలో ప్రవాసి అయితే 50,000 పరిమితి మీకు వర్తించదు. అద్దె ఎంత తక్కువైనా, 30 శాతం చొప్పున, దాని మీద సెస్సుతో కలిపి, మీరు మినహాయించి కట్టాలి, దానికి టాన్ నంబరు (ఇలా పన్ను కోసి కట్టేవారికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నంబరు) తీసుకోవాలి. కొండాపూర్‌లోనూ మణికొండలోనూ అమెరికాలో ఉన్నవారి ఫ్లాట్లలో వేలమంది అద్దెకుంటున్నారు. వారి తరఫున ఇక్కడి తల్లిదండ్రులో తమ్ముడో అద్దె తీసుకుంటున్నంత మాత్రాన ఈ బాధ్యత పోదు. అలాంటి ఇంట్లో చేరే ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడి, పన్ను పోగా చేతికి ఎంత అందుతుందో యజమానికి ముందే వివరించండి.

మరమ్మతులు ఎవరి బాధ్యత

ఇంటి పైకప్పు కారుతుంటే బాగు చేయించాల్సింది యజమానే కదా అని మనం సహజంగా అనుకుంటాం. ఆస్తి బదిలీ చట్టం మాత్రం ఆ బాధ్యతను తనంతట తానుగా యజమాని మీద మోపదు. ఒప్పందం ద్వారా ఆయన చేయాల్సిన మరమ్మతును, మీరు తెలియజేసిన తర్వాత తగిన సమయంలో చేయకపోతే, మీరే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చని 108వ సెక్షన్ అంటుంది. అంటే ఏ మరమ్మతు ఆయనదో ఒప్పందంలో ఉంటేనే ఈ హక్కుకు బలం. ఇక్కడే నమూనా అద్దె చట్టం పనికొస్తుంది. దాని అనుబంధంలో బాధ్యతలు పంచి చూపారు: కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు పైపులు, కరెంటు వైరింగు మార్చడం యజమాని వంతు, కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం చేయించడం, స్విచ్చులు, సాకెట్లు, గీజరు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమతెరలు అద్దెదారు వంతు. ఈ జాబితాను ఉన్నదున్నట్టు మీ ఒప్పందంలో దించుకోండి. నేను దానికి ఒక వాక్యం అదనంగా చేరుస్తాను: బోరు మోటారు కాలిపోతే, సంపు పగిలితే, మరుగుదొడ్డి పైపు పైనుంచి కారితే యజమాని రెండు రోజుల్లో మనిషిని పంపాలి, లేకపోతే అద్దెదారు చేయించి బిల్లు చూపి మినహాయించుకోవచ్చు.

ఇంట్లో ఏదైనా పాడైన రోజే రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో పదిసార్లు చెప్పిన దానికంటే ఫొటోతో పంపిన ఒక్క సందేశం విలువైనది. చెమ్మ విషయంలో ఇది మరీ నిజం. జూలైలో బాత్రూం గోడ అవతల గుప్పెడంత కనిపించిన చెమ్మను చెప్పకుండా వదిలేస్తే, సంక్రాంతికల్లా పడకగది అల్మారాలో బట్టలు బూజు పడతాయి. అప్పుడు యజమాని "ముందే ఎందుకు చెప్పలేదు" అని అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంటుంది. ఇల్లు తీసుకున్న స్థితిలోనే ఉంచడం, పాడవుతున్నది తెలియజేయడం అద్దెదారు బాధ్యతలు. తగిన వేళల్లో యజమాని వచ్చి చూసుకోనివ్వడం కూడా మీ బాధ్యతే. అదే సమయంలో, చెప్పకుండా తలుపు తోసుకుని రావడానికి, మీరు లేనప్పుడు రెండో తాళంచెవితో లోపలికి వెళ్లడానికి యజమానికి హక్కు లేదు. అద్దె కడుతూ షరతులు పాటించినంత కాలం ఆ ఇంట్లో ఏ ఆటంకమూ లేకుండా ఉండే హక్కు చట్టం మీకిచ్చింది. ఆడపిల్లలు ఉన్న పోర్షన్లలోకి "ట్యాంకు చూద్దామని" చెప్పాపెట్టకుండా వెళ్లే యజమానులు ఈ మాట మనసుకు పట్టించుకోవాలి.

యజమాని ఇల్లు అమ్మేస్తే మీ అద్దె రద్దు కాదు. కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు, అమ్మకం సంగతి మీకు తెలియక పాతవారికి కట్టిన అద్దె చెల్లుతుంది. అడ్వాన్స్ మాత్రం ఇకపై ఎవరు తిరిగి ఇవ్వాలో పాత, కొత్త యజమానులిద్దరి చేతా ఒక కాగితం మీద రాయించుకోండి.

ఖాళీ చేయడం, చేయించడం

మీరు ఖాళీ చేయాలనుకుంటే ఒప్పందంలో ఉన్న గడువు ప్రకారం, గడువు లేకపోతే కనీసం పదిహేను రోజుల ముందు, రాతపూర్వకంగా తెలియజేయండి. మర్యాదకు నెల రోజులు ఇవ్వడం మంచిది. అడ్వాన్స్‌ను చివరి రెండు నెలల అద్దెకు సరిపెట్టేసుకోవడం చాలామంది చేసే పని. ఒప్పందం అలా చెప్పకపోతే అది అద్దె ఎగవేతగానే లెక్కకొస్తుంది.

యజమానిగా మీరు ఖాళీ చేయించాలనుకుంటే, ఒప్పందం ఏమన్నా ముందు సంతకంతో కూడిన నోటీసును రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి. గడువు తీరాక కూడా వారు కదలకపోతే దారి ఒక్కటే, సివిల్ కోర్టులో దావా. తాళం మార్చడం, సామాను బయట పెట్టించడం, కరెంటు ఫ్యూజు తీసేయడం, నీళ్లు ఆపేయడం ఏ పరిస్థితిలోనూ చేయకండి. అద్దె ఆర్నెల్లుగా ఇవ్వనివారి విషయంలోనైనా సరే, చట్టం అనుమతించిన పద్ధతిలో తప్ప బయటకు పంపకూడదు. అలా గెంటివేతకు గురైనవారు ఆరు నెలల్లోగా నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్)లోని 6వ సెక్షన్ కింద దావా వేసి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా, స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. నీళ్లు, కరెంటు ఆపేస్తే కోర్టు నుంచి నిషేధాజ్ఞ తెచ్చుకోవచ్చు. నోటీసు గడువు ముగిశాక అద్దె తీసుకునే యజమానులు ఒక జాగ్రత్త పాటించాలి: మామూలుగా రసీదు ఇస్తే నోటీసును వదులుకున్నట్టు వాదించే అవకాశం ఉంటుంది కాబట్టి, ఆ డబ్బును ఇంటి వినియోగానికి పరిహారంగా, నోటీసుకు భంగం లేకుండా స్వీకరిస్తున్నానని రాసి ఇవ్వండి.

కోర్టు కేసు ఏళ్లు పడుతుందన్నది నిజమే. అందుకే దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అక్కడి లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

అడ్వాన్స్ వెనక్కి తీసుకోవడం

రంగుల ఖర్చు పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం హైదరాబాద్‌లో ఆచారంగా మారింది. ఆచారం చట్టం కాదు. సహజమైన వాడకం వల్ల వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతుంది. మూడేళ్లలో వెలిసిన రంగు, క్యాలెండర్ మేకు పెట్టిన రంధ్రం, ఫ్రిజ్ వెనుక గోడ మీది నీడ సహజమైన అరుగుదల. పిల్లలు రంగు పెన్సిళ్లతో గోడంతా గీసిన బొమ్మలు, విరిగిన వాష్ బేసిన్, కాలిన వంటగట్టు నష్టం. వాటి ఖర్చు ఇవ్వడం న్యాయం. రంగులకు ఇంత కోస్తామని ఒప్పందంలో ఉంటే మాత్రం కట్టాల్సిందే, కాబట్టి సంతకం చేసేటప్పుడే ఆ మొత్తాన్ని బేరమాడండి. అడ్వాన్స్ తిరిగి రాకపోతే న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. డబ్బు కోసం దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. యజమానికి రావలసిన అద్దె బకాయికి కూడా అంతే.

చివరి రోజున ఇల్లు ఊడ్చి, మేకులు తీసి, మీరు బిగించుకున్న గీజరు, వాటర్ ఫిల్టర్ గోడకు నష్టం లేకుండా విప్పుకుని, యజమానితో కలిసి గదులన్నీ ఒకసారి తిరగండి. చేరిన రోజు వీడియోను పక్కన పెట్టుకుని చూడండి. ఆ తర్వాత తెల్లకాగితం మీద ఇలా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి: "ఈ తేదీన ఫలానా ఇల్లు ఖాళీ చేసి, అన్ని తాళంచెవులు అప్పగించాను. కరెంటు మీటరు అంకె ఇంత. ఈ రోజు వరకు అద్దె, మెయింటెనెన్స్, బిల్లులు చెల్లించాను. అడ్వాన్స్ ఇన్ని రూపాయలలో, ఈ కారణానికి ఇంత పోగా, మిగిలిన ఇంత ఈ రోజు నా ఖాతాకు అందింది." డబ్బు ఖాతాలో పడినట్టు ఫోన్‌కు సందేశం వచ్చాకే చివరి వాక్యం రాయండి, అప్పుడే చివరి తాళంచెవి చేతిలో పెట్టండి.